నెత్తుటి చొక్కా మహాత్మ్యం

మళ్లీ వచ్చింది ఆ ఫొటో. ఫుట్‌బాల్ మైదానంలో ఏ కుర్రాడైనా తల పట్టుకుని కూలబడితే చాలు, గంట తిరక్కుండా నా ఫోన్లోకి వచ్చి వాలుతుంది. నుదుటికి కట్టు, తెల్లచొక్కా నిండా నెత్తురు, ఇంగ్లండ్ ఆటగాడు టెర్రీ బుచర్. కింద రాసే మాట మీకూ కంఠతా వచ్చే ఉంటుంది: 'అప్పట్లో మగాళ్లు ఆడేవాళ్లు!'

1989 సెప్టెంబరు 6, స్టాక్‌హోమ్. స్వీడన్‌తో వరల్డ్ కప్ అర్హత మ్యాచ్. ఇంగ్లండ్ డిఫెండర్ గారి తల చిట్లింది. కుట్లేసి, కట్టుకట్టి, మళ్లీ ఆటలోకి తోలారు. సెంటర్ డిఫెండర్ ఉద్యోగమే గాల్లో వచ్చిన బంతిని తలతో కొట్టడం. కొట్టినకొద్దీ కారింది. ఆట ముగిసేసరికి చొక్కా రంగు మారింది. స్కోరు 0-0.

ఆయన దేశానికి 77 మ్యాచ్‌లు ఆడాడు. 1981లో ఇప్స్‌విచ్ క్లబ్ తరఫున ఆడి, యూరప్ క్లబ్బుల పోటీ యూఈఎఫ్‌ఏ కప్ గెలిచాడు. అవన్నీ ఎవరిక్కావాలి, చొక్కా ఉండగా?

ఈ ఆదర్శాన్ని ఆటకే పరిమితం చేయడం అన్యాయం. బ్యాంకులో క్యాషియర్ గారి తల బీరువాకి కొట్టుకుందనుకోండి. కట్టుకట్టి కౌంటర్లో కూర్చోబెట్టాలి. నోట్లు లెక్కపెట్టడానికి తడికి స్పాంజి కూడా అక్కర్లేదు. మేనేజర్ గారు కళ్లు తుడుచుకుంటూ ఫొటో తీయాలి. పెన్షన్ కోసం వచ్చిన పెద్దాయన 'నోటు మీద ఈ మరకేంటి బాబూ' అంటే క్యూ మొత్తం కసురుకోవాలి: 'అది మరక కాదు తాతా, నిబద్ధత!'

ఇప్పటి రిఫరీలకు ఆ రసహృదయం లేదు. నెత్తురు కారితే బయటికి పొమ్మంటారు, చొక్కా మార్చుకుని రమ్మంటారు. ఫొటో వ్యాపారానికి ఎంత నష్టం!

సరే, నవ్వింది చాలు. ఆ చిట్లిన చర్మం వారంలో మానుతుంది. లోపల ఉన్నది మానదు. గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు పాత ఆటగాళ్ల లెక్కలు తీస్తే, మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం మామూలు జనంలో కన్నా మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో తేలింది. 2021లో ఆడిన స్థానాన్ని బట్టి చూశారు. ఆ జబ్బుల ముప్పు అందరికన్నా డిఫెండర్లకే ఎక్కువ, దాదాపు అయిదు రెట్లు. ఇది తెలిసీ, తల తిరుగుతోందన్న పిల్లాణ్ణి 'ఆడంగి' అని వెక్కిరిస్తూ ఈ ఫొటో పంపేవాడికి సిగ్గుండాలి. నీ తలైతే పంపుతావా?

1966లో వరల్డ్ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో జాక్ చార్ల్‌టన్, రే విల్సన్ ఇద్దరూ డిఫెండర్లే. చివరి ఏళ్లలో ఇద్దరికీ డిమెన్షియా. వాళ్ల చివరి రోజుల ఫొటో నాకు ఇంతవరకూ ఒక్కడూ ఫార్వర్డ్ చేయలేదు.