వాటా సరే, ఉద్యోగమేది?

ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను కులాల వారీగా పంచడం, అనగానే తెలుగువారికి గుర్తొచ్చేవి మాదిగ దండోరా ఉద్యమం, అది పుట్టిన ఈదుముడి, 2004లో వర్గీకరణను కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ దెబ్బ నుంచి మనం తేరుకోకముందే చెన్నైలో పని పూర్తయింది. ఎస్సీల 18 శాతంలో 3 శాతాన్ని అరుంధతీయులకు ప్రత్యేకిస్తూ 2009లో కరుణానిధి ప్రభుత్వం చట్టం చేసింది. అందులోని ఏడు కులాల్లో ఆది ఆంధ్ర, మాదిగ ఉన్నాయి. ఈ నగర వీధులను తరతరాలుగా ఊడుస్తున్న తెలుగు కుటుంబాలు వాటి కిందికే వస్తాయి.

2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1తో వర్గీకరణను సమర్థించాక వాదన క్రీమీలేయర్ మీదికి, అంటే బాగుపడిన కుటుంబాలను రిజర్వేషన్ నుంచి తప్పించడం మీదికి మళ్లింది. ఎస్సీలకూ అది ఉండాలని నలుగురు న్యాయమూర్తులు అన్నారు. కేంద్ర మంత్రివర్గం పది రోజులైనా గడవకముందే కుదరదంది. ఉత్తర చెన్నై నుంచి చూస్తే ఈ గొడవ విడ్డూరమే. మీగడ మాట దేవుడెరుగు, పాలేవీ?

ఇక్కడి ఉద్యోగ దరఖాస్తులో ఎస్‌సీకి ఒక గడి, ఎస్‌సీఏకు, అంటే ఎస్సీ అరుంధతీయులకు, మరో గడి. కుల ధ్రువపత్రంలో ఆది ఆంధ్ర, మాదిగ లాంటి ఆ ఏడు కులాల్లో ఒకటి ఉంటేనే రెండోది. తాత కాలంలో ఏ గుమాస్తానో ఆ ఏడింటిలో లేని ఆది ద్రావిడ అని రాసేసి ఉంటే, ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆ 3 శాతం అందదు. అరుంధతీయ అభ్యర్థి దొరకకపోతే ఖాళీ ఇతర ఎస్సీలకు వెళ్తుందని చట్టమే చెబుతోంది.

అభ్యర్థి దొరకాలంటే ముందు ఇంట్లో ఒక నిలకడైన జీతం ఉండాలి. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్య పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు నగర పాలక సంస్థ కార్యాలయమైన రిపన్ భవనం ముందు బైఠాయించారు. జీతం తగ్గుతుందని వారి భయం. 13వ తేదీ రాత్రి పోలీసులు వారిని అక్కడి నుంచి తరలించారు. సామాజిక న్యాయం గురించి దేశానికి పాఠాలు చెప్పే రాష్ట్రంలో జరిగిందిది!

కాంట్రాక్టరు హాజరు పట్టీకి రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే వరుస, ఉండదు. శాతాలను ఎంత న్యాయంగా పంచినా, పోస్టు సర్కారు చేతిలోంచి జారిపోయాక పంచడానికి ఏమీ మిగలదు. పొరుగున కర్ణాటక ఔట్‌సోర్సింగ్ నియామకాల్లోనూ రిజర్వేషన్ పాటించాలని 2024లో తన శాఖలను ఆదేశించింది. తమిళనాడు కనీసం ఆ షరతునైనా టెండరు పత్రంలో రాయాలి. శాఖలవారీగా, హోదాలవారీగా ఎస్‌సీఏ ఉద్యోగులెందరో ఏటా శాసనసభ ముందు పెట్టాలి. ఈ లెక్క బయటపడ్డాకే క్రీమీలేయర్ గురించి మాట్లాడదాం.