యుద్ధం లేకపోతే సైన్సే లేదట!

ఈమధ్య ఏ గ్రూపు తెరిచినా ఒకే ఫార్వర్డ్. అందులోని వాదన ఇది: సైన్స్‌ను పరుగెత్తించింది యుద్ధాలే, పెన్సిలిన్, కంప్యూటర్ యుద్ధం పెట్టిన భిక్ష, దేశాభిమానం మెండుగా ఉన్న చోటే పరిశోధన పండుతుంది, నమ్మకపోతే మన హైదరాబాద్‌నే చూడండి, మలేరియా గుట్టు విప్పింది ఆర్మీ డాక్టరు, పోలియో పిల్లలకు కాళ్లకు ఆసరాగా కట్టుకునే తేలికపాటి కాలిపర్లు ఇచ్చింది మిసైళ్ల ల్యాబు. కింద చప్పట్లు, జెండాలు. పచ్చి అబద్ధమైతే నవ్వి ఊరుకోవచ్చు. ఇందులో నిజం పాలు కొంత ఉంది కాబట్టే విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

ముందు పెన్సిలిన్. లండన్‌లో డాక్టరు ఫ్లెమింగ్ కంట ఆ మందునిచ్చే బూజు పడింది 1928లో. అప్పుడు యుద్ధం ఊసే లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ అనే శాస్త్రవేత్తలు దాని మీద దృష్టి పెట్టిందీ సైనికుల కోసం కాదు. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాలు తీసే బ్యాక్టీరియా ఎక్కించి, నాలుగింటికి మాత్రం పెన్సిలిన్ ఇచ్చారు. తెల్లారేసరికి ఆ నాలుగే మిగిలాయి. ఇంత చూశాక కూడా యుద్ధం వల్ల వాళ్లకు ఒరిగింది కొరతే. బూజు పెంచడానికి గిన్నెలు చాలక ఆస్పత్రి బెడ్‌పాన్లు వాడుకున్నారు. తర్వాత అమెరికా కంపెనీలు దిగి, సర్కారు వెనక నిలబడితే ఉత్పత్తి ఊపందుకుంది. ఆ ఘనత యుద్ధానిదే, కాదనను. అయితే అది తయారీలో వచ్చిన వేగం. కనిపెట్టడం అప్పటికే అయిపోయింది. ఇంతకీ ఆ చెయిన్ ఎవరు? 1933లో హిట్లర్ గద్దెనెక్కగానే బెర్లిన్ వదిలి వచ్చేసిన యూదుడు.

కంప్యూటర్ సంగతీ అంతే. అలాంటి యంత్రం ఎలా పనిచేయాలో గణితవేత్త ట్యూరింగ్ 1936లోనే కాగితం మీద తేల్చాడు. జర్మన్ల రహస్య సందేశాలు ఛేదించడానికి బ్రిటన్ కొలోసస్ అనే ఎలక్ట్రానిక్ యంత్రాలు కట్టిన మాట నిజం. యుద్ధం ముగియగానే వాటిలో చాలావాటిని విప్పేసి, పనిచేసినవాళ్ల నోటికి తాళం వేసింది కూడా బ్రిటనే. 1970ల దాకా వాటి గురించి బయటివాళ్లకు తెలియనే లేదు. దాచిపెట్టిన పని మీద ఇంకొకరు ఏం కట్టగలరు?

ఇక దేశాభిమానం. పరమాణువు చీలికను బయటపెట్టిన జట్టులో ముఖ్యురాలు లీజ్ మైట్నర్ అనే శాస్త్రవేత్త. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1938 జులైలో ఆమె జర్మనీ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోవాల్సి వచ్చింది. డిసెంబరులో బెర్లిన్‌లో వచ్చిన ఫలితాలకు అర్థం చెప్పింది స్వీడన్‌లో కూర్చున్న ఆమె, ఆమె అక్క కొడుకు ఫ్రిష్. సూర్యుడి దగ్గర వెలుగు వంగుతుందన్న ఐన్‌స్టీన్ లెక్కను 1914 ఆగస్టు సూర్యగ్రహణంలో పరీక్షించాలని రష్యా వెళ్లిన జర్మన్ బృందాన్ని, యుద్ధం మొదలవడంతో పట్టుకుని పరికరాలు లాక్కున్నారు. చివరికి 1919లో ఆ పని చేసింది శత్రుదేశమైన బ్రిటన్ మనిషి ఎడింగ్టన్. మూలకాల పరమాణు సంఖ్యకు అర్థం చెప్పిన బ్రిటిష్ శాస్త్రవేత్త మోస్లీ 27 ఏళ్లకే, 1915లో టర్కీలోని గల్లిపోలి యుద్ధంలో పోయాడు. ఫార్వర్డ్‌లో ఈ ఖర్చు పద్దు ఎక్కడా లేదు.

మన ఊరి ఉదాహరణలకొస్తే, ఫార్వర్డ్‌లోని ఆ ఆర్మీ డాక్టరు రొనాల్డ్ రాస్. ఆయన జీతం సైన్యానిదే. 1897లో సికింద్రాబాద్‌లో హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, దోమకు ఒక అణా లెక్కన ఇచ్చి, ఆ దోమల పొట్టలు కోసి మైక్రోస్కోపు కింద వెతికాడు. ఆగస్టు 20న మలేరియా క్రిమి దొరికింది. దోమను అనుమానించమని చెప్పింది జనరళ్లు కాదు, లండన్‌లోని డాక్టరు మాన్సన్. మరి సైన్యం ఏం చేసింది? కొన్ని వారాలకే రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది! అక్కడ మలేరియా కేసులే దొరక్క పని ఆగిపోయింది. సర్కారీ నౌకరీ చేసినవాళ్లకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. మిగతాది మరుసటి ఏడాది కలకత్తాలో, పక్షుల మీద పూర్తిచేశాడు.

కాలిపర్ల కథ అబ్దుల్ కలాం స్వయంగా చాలాసార్లు చెప్పిందే. నిమ్స్ నుంచి ఎముకల డాక్టరొకరు ల్యాబు చూడటానికి వచ్చి, అగ్ని మిసైల్ కోసం చేసిన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ల్యాబు గొప్పదే, అక్కడివాళ్ల మనసూ గొప్పదే. కానీ పదార్థం అప్పటికే చేతిలో ఉంది, ఆస్పత్రి అదే ఊళ్లో ఉంది, పని చూస్తే మూడు వారాలది. అప్పటిదాకా ఆగింది శత్రువు లేక కాదు, ఆ గేటు దాటి ఓ ఎముకల డాక్టరు లోపలికి రాక.