సవరణ: అలబామా అఫెన్సివ్ లైన్‌కు వేసిన మార్కులు

2018 జనవరి 8న అట్లాంటాలో జరిగిన అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో అలబామా ఓవర్‌టైమ్‌లో 26-23తో జార్జియాను ఓడించింది. ఆ మ్యాచ్‌కు మొన్న విభాగాల వారీగా మార్కులు వేస్తూ అలబామా అఫెన్సివ్ లైన్‌కు, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి ప్రత్యర్థులను అడ్డుకునే వరుసకు, ‘సి’ ఇచ్చాను. అది తప్పు. ‘బి’గా మారుస్తున్నాను.

ఓవర్‌టైమ్‌లో అలబామా మొదటి ప్లే (ఒక విడత ఆట)లోనే, పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా ప్రత్యర్థులకు దొరికిపోయి 16 గజాలు పోయాయి కదా, ఆ నేరం మొత్తం లైన్ మీద వేశాను. వీడియో మళ్లీ నిదానంగా చూశాను. అతను వెనక్కి వెనక్కి పోతూనే ఉన్నాడు. బంతిని బయటికి విసిరేసినా సరిపోయేది, చేతిలోనే పట్టుకున్నాడు. ఆ నష్టం క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోదే. మరుసటి ప్లేలో అదే లైన్ అతనికి నిలబడి చూసే వ్యవధి ఇచ్చింది. జార్జియా సేఫ్టీని (వెనక కాపలా కాసే డిఫెండర్‌ను) చూపుతోనే పక్కకు లాగి, డెవోంటా స్మిత్‌కు 41 గజాల పాస్ వేశాడు, మ్యాచ్ అక్కడితో ముగిసింది.

ఇంకో సంగతి అసలు రాయనేలేదు. లైన్‌లో ఎడమ చివర నిలబడే లెఫ్ట్ టాకిల్ జోనా విలియమ్స్ గాయపడి వెళ్లిపోతే, రెండో సగంలో ఆ చోట నిలబడింది మొదటి ఏడాది కుర్రాడు అలెక్స్ లెదర్‌వుడ్. అంత పెద్ద మ్యాచ్‌లో ఆ బరువు మోసిన పిల్లాడి పేరు వదిలేయడం అన్యాయం, అది నన్ను బాగా బాధపెట్టింది.

అలబామా కిక్కర్ నాలుగో క్వార్టర్ చివర గురి తప్పి పోగొట్టింది 36 గజాల కిక్, నేను రాసినట్టు 40 కాదు. 40 గజాలది మొదటి క్వార్టర్‌లో పోయింది. అతని గ్రేడ్ మారదు.