ఓరుగల్లుకు కోట, కారుకు కోటు

పొరల మీద నమ్మకం ఓరుగల్లు వాళ్లకు నిన్నమొన్న పుట్టింది కాదు. గణపతిదేవుడు కట్టించి, రుద్రమదేవి పటిష్ఠం చేసిన కోటకు బయట మట్టిగోడ, లోపల రాతిగోడ, అగడ్త. ఇన్ని పొరలుండీ 1323లో ఢిల్లీ సైన్యానికి ఎలా చిక్కిందని అడిగేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. పొరలు చాల్లేదు, అంతే. అందుకే మా నల్ల కారు పెయింట్‌ను కాపాడే పూత ఐదు పొరలు వేశాను.

ఈ విద్యలో నా గురువు మా బావమరిది. వాడికి సొంత కారు లేదు కాబట్టి అభిప్రాయాల మీద ఒక్క గీత కూడా పడలేదు. "ముందు సీలెంట్ వెయ్యాలె బావా. అది ఒక రోజు ఆరినంక మీద కార్నౌబా మైనం. ఉల్టా చేసినవనుకో, అంతా బర్బాద్." సీలెంట్ అంటే ఫ్యాక్టరీలో చేసిన పాలిమర్ పూత. అది నేరుగా పెయింట్ పైనున్న క్లియర్ కోట్ అనే పారదర్శక పొరనే పట్టుకోవాలి, మధ్యలో మైనం జిడ్డు ఉంటే పట్టు దొరకదు. మైనానికి అలాంటి పట్టింపులు లేవు. పెళ్లి బంతిలో ఆలస్యంగా వచ్చిన చుట్టంలా ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుంటుంది.

కార్నౌబా అంటే బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం. ఎండకు ఒంట్లో నీరు ఆవిరైపోకుండా చెట్టు తనకు తాను పూసుకునేది. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. చాక్లెట్లు మెరవడానికీ ఇదే పూస్తారు. ఆ చెట్టు తన కోసం చేసుకున్న ఏర్పాటును సముద్రాలు దాటించి, హన్మకొండలో వేపచెట్టు కింద, పిట్టలు గురి చూసుకునే చోట నిలబెట్టిన కారుకు పూయడమే మానవ ప్రగతి.

ఇక నా ఐదు ఆదివారాలు. పూయాలి, పొగమంచు పట్టినట్టు తెల్లబడేదాకా ఆగాలి, తుడవాలి. మూడో ఆదివారం ఎదురింటి పెద్దమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆగింది.

"ఏం బిడ్డా, కారుకు పెండ్లా? నలుగు పెడుతున్నవ్?"

"పెయింట్ మన్నిక కోసం పెద్దమ్మా."

"గంత మంచిదైతే ఒక్కపారి పెడితె సాలదా?"

నిజానికి రెండోసారి పూస్తే మొదటిసారి చేయి తగలని చోట్లు కప్పుకుంటాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు పూసినా పెద్దగా మందం పెరగదు. కొత్త మైనంలోని ద్రావకం పాతదాన్ని మెత్తబరుస్తుంది, తుడిచినప్పుడు రెండూ కలిసి గుడ్డకు అంటుకుంటాయి. పైగా మూడో ఆదివారం నేను వాడిన డబ్బా మీద చిన్న అక్షరాల్లో 'క్లీనర్ వ్యాక్స్' అని ఉందట. సన్నటి రజను కలిపిన సరుకు. కింది రెండు పొరలనూ అదే గీకేసి, తాను కూర్చుంది. మొత్తానికి నా మైక్రోఫైబర్ గుడ్డ ఇవాళ ఐదు పొరల రక్షణలో ఉంది. దాని మీద చుక్క నీరు నిలవదు.

వేయిస్తంభాల గుడిలో నల్లరాతి నంది ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఒక్క డబ్బా వాడకుండా మెరుస్తోంది కదా అని బావమరిదిని అడిగాను. "దాన్ని రుద్దీ రుద్దీ నున్నగ చేసిండ్రు బావా. నువ్వు గరుకు మీద పూసినవ్," అన్నాడు. అవును, పూసే ముందు క్లే బార్ అనే జిగట ముద్దతో రుద్ది, పెయింట్‌లో గుచ్చుకున్న రజను తీయాలట. మా ఊళ్లో దానికి కొదవా? కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీలు, కాజీపేటలో రైలు చక్రాల ఇనుప పొడి. ఆ పనికి మాత్రం నాకు ఆదివారం దొరకలేదు. అలా ఉమ్మడి జిల్లా దుమ్మునంతా మైనం కింద భద్రపరిచాను.

నన్ను తప్పుపట్టే ముందు మా గల్లీ రోడ్డు చూడండి. అదీ నా సిద్ధాంతమే. కింది పొర గీకరు, మట్టి ఊడ్వరు, పైన ఇంకో పొర పరుస్తారు. ఇల్లు కట్టినప్పుడు మూడు మెట్లు ఎక్కి గేటులోకి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఒకటి దిగి వస్తున్నాం. నేను ఐదు ఆదివారాలు చెమటోడ్చినా రాని మందం వాళ్లకు ఒక్క రాత్రిలో ఎలా వచ్చిందో తెలిస్తే వాళ్ల దగ్గరే శిష్యరికం చేద్దును.

మొన్న జూలైలో ముసురు పట్టింది. ఎత్తయిన రోడ్డు మీది నీళ్లన్నీ మర్యాదగా మా ఇంట్లోకి వచ్చాయి. కారు సగం టైర్ల దాకా మునిగింది. బానెట్ మీద మాత్రం చినుకులు ముత్యాల్లా నిలిచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ జారిపోతున్నాయి. "బీడింగ్ జూడు బావా, బీడింగ్!" అని బావమరిది మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోటోలు తీశాడు. వాడి వెనకాల పెచ్చులుగా లేచిన రోడ్డు ముక్కలు వరదతో పాటు పోతున్నాయి.

నేను బకెట్‌తో హాల్లోని నీళ్లు ఎత్తిపోస్తుంటే మేడ మీద నుంచి పెద్దమ్మ కేకేసింది.

"బిడ్డా, ఆ పూసేదేందో జర గడపకు పుయ్యరాదు?"