ఫైలుకు వృత్తి చికిత్స

టీ కాచడం మనం అనుకున్నంత తేలికైన పని కాదు. నమ్మకం లేకపోతే వృత్తి చికిత్స విభాగంవారి ఫారం ఒకసారి చూడండి. ‘గిన్నెలో తగినన్ని నీళ్ళు పోయును’ అని ఒక గడి. ‘పాలు పొంగకముందే మంట తగ్గించును’ అని ఇంకొకటి. ఒక్కొక్కదానికి ఎదురుగా మూడు వరుసలు: స్వయంగా చేయును, చెబితే చేయును, చేయి పట్టి చేయించవలెను. నేరం మోపిన తరువాత మతిస్థిమితం లేదని తేలి, ఏళ్ళ తరబడి మానసిక వైద్యశాలలో ఉండిపోయినవారికి బతుకు పనులు మళ్ళీ అలవాటు చేసే విద్య ఇది. ఈ విద్య మీద నాకు గౌరవం ఉంది. అది అందవలసినవారందరికీ అందడం లేదన్నదే నా బాధ.

ఉదాహరణకు ఒక పెద్దాయనను అనుకుందాం. లోపలికి రాకముందు ఇరవై ఏళ్ళు బస్టాండు పక్కన టీ బండి నడిపాడు. ఇప్పుడాయనకు టీ కాచడంలో పరీక్ష. వార్డు నియమం ప్రకారం అగ్గిపెట్టె ఆయన చేతికి ఇవ్వకూడదు కనుక స్టవ్వు అటెండరే వెలిగించాడు. అల్లం దంచడానికి రాయి ఇవ్వకూడదు కనుక అల్లం మానేశారు. గాజు గ్లాసు నిషిద్ధం. ఆయన కాచిన టీని పరీక్ష పెట్టినవారంతా తాగారు, బాగుందన్నారు. ఆ తరువాత ‘స్టవ్వు స్వయంగా వెలిగించును’ అన్న గడిలో సున్నా వేశారు. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష జరిగింది. అగ్గిపెట్టె మళ్ళీ ఇవ్వలేదు, మళ్ళీ సున్నా పడింది. ఈసారి కింద ఒక వ్యాఖ్య కూడా చేరింది: ‘ఆశించిన పురోగతి కనబడలేదు.’

ఇక లక్ష్యాలు రాయించే రోజు వచ్చింది.

“మీ లక్ష్యం ఏమిటి తాతగారూ?” అని అడిగింది థెరపిస్టు అమ్మాయి.

“ఇంటికి పోవాలమ్మా.”

అమ్మాయి కలం ఆగింది. మంచి పిల్ల. వార్డు నిండా మనుషులు, చేతిలో ఒకటే రకం ఫారం. “అది కోర్టువాళ్ళ చేతుల్లో ఉంది కదా. మీ చేతుల్లో ఉన్నదేదైనా చెప్పండి.”

పెద్దాయన చేతులు తిప్పి చూసుకున్నాడు. పొద్దుటినుంచి కాగితం కవర్లు అంటిస్తున్నాడు. “జిగురుంది తల్లీ.”

చివరకు ఫారంలో ‘వారానికి రెండుసార్లు తోటివారితో కలిసి టీ తయారీలో పాల్గొనును’ అన్న వాక్యం చేరింది. లక్ష్యం స్పష్టంగా ఉంది, కొలవడానికి వీలుంది, గడువు కూడా ఉంది. కవర్లకు కూలి ఎంత అని మీరు అడగవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి చోట్ల బలవంతంగా పని చేయించకూడదని, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని చెబుతుంది. చట్టం చెప్పేవన్నీ ఒక్కరోజులో వినాలంటే ఎలా?

లక్ష్యాలు ‘స్మార్ట్’గా (SMART) ఉండాలని, లక్ష్యానికి ఉండవలసిన ఒక్కో లక్షణానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం చొప్పున చెప్పే అయిదక్షరాల సూత్రం ఒకటుంది. దానికి ఒక చరిత్ర ఉంది. 1981లో జార్జ్ డోరన్ అనే అమెరికన్ దాన్ని రాసింది రోగుల కోసం కాదు, కంపెనీలు నడిపే అధికారుల కోసం. వారి లక్ష్యాలు గాలిమాటలుగా మిగలకూడదని ఆయన ఉద్దేశం. అందులో మూడో అక్షరమైన ‘ఏ’కు ఆయన చెప్పిన అర్థం, పని ఎవరికి అప్పగించారో పేరు రాయమని. ఇంగ్లీషు ‘ఏ’ కూడా మన ‘ఏ’ లాగే ప్రశ్న వేసేదన్నమాట: ఏ అధికారి? చేతులు మారుతూ మారుతూ ఆ అక్షరం ‘లక్ష్యం సాధ్యమైనదిగా ఉండాలి’ అనే అర్థానికి వచ్చి కుదురుకుంది. అధికారి పేరు అడిగే అక్షరం పోయి, పెద్దాయన ఆశను కత్తిరించే అక్షరం వచ్చింది. అక్షరానికి కూడా పునరావాసం జరిగింది, సంతోషం.

ఈ విషయంలో ఇంగ్లండువారు మనకంటే చాలా ముందున్నారు. కట్టుదిట్టమైన కాపలా ఉండే అక్కడి మానసిక వైద్యశాలల్లో వారానికి 25 గంటల అర్థవంతమైన కార్యకలాపం అందించాలని ఒక కొలత ఉంది. గంటలు లెక్క పెడతారు. కోర్టు ప్రత్యేక ఆంక్షలు విధించిన రోగి ఒక పూట బయటకు వెళ్ళిరావాలన్నా న్యాయశాఖ అనుమతి కావాలి. ఆ ఆంక్షలకు మాత్రం కాలపరిమితి ఉండదు. రోగి ప్రతి లక్ష్యానికీ గడువు రాయాలి, అతణ్ణి ఉంచినవారు దేనికీ రాయనక్కరలేదు. దీనినే నాగరికత అంటారు.

మనవారి ఓపిక ముందు అది కూడా చిన్నదే. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే గిరిజనుణ్ణి 1951లో, 23 ఏళ్ళ వయసులో, ఎవరినో తీవ్రంగా గాయపరిచాడన్న అభియోగం మీద పట్టుకున్నారు. విచారణ జరగలేదు. తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో డాక్టర్లు ఆయన ఆరోగ్యంగా ఉన్నాడని రాసిచ్చారు. అంటే చికిత్స తాలూకు లక్ష్యం నెరవేరింది. అప్పుడాయనను ఇంటికి కాకుండా జైలుకు పంపారు. బయటకు వచ్చింది 2005 జులైలో, ఒక్క రూపాయి సొంత పూచీకత్తు మీద. ఆరోగ్యవంతుడన్న సర్టిఫికెట్ వచ్చాక మరో 38 ఏళ్ళు. రెండేళ్ళకు చనిపోయాడు.

ఆ 54 ఏళ్ళలో నయం కానిది మనిషి కాదు, ఫైలు. జబ్బు ఒకరికి, చికిత్స ఇంకొకరికి జరుగుతోంది. కనుక ఈ విద్యను ఇకనైనా అసలు రోగికి అందించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

ముందు రోగిని పరిశీలిద్దాం. బీరువా పైఅరలో, వెల్లకిలా, నడుముకు తాడు. దుమ్ము మందంగా ఉంది, అంటే స్నానపానాలు లేవు. ‘ఈ రోజు తారీఖు ఎంత?’ అని అడిగితే మొదటి పేజీలో ఉన్న తారీఖే చెబుతుంది, కాలస్పృహ లేదు. ‘మీరు ఎవరి గురించి?’ అంటే నాలుగు చోట్ల నాలుగు రకాలుగా పేరు చెబుతుంది. ‘కోర్టుకు తీసుకెళ్ళడానికి పోలీసు ఎస్కార్టు దొరకలేదు’ అనే ఒకే మాట పేజీ తరువాత పేజీలో వల్లిస్తుంది. తనకు జబ్బు ఉందన్న ఎరుక బొత్తిగా లేదు.

ఇలాంటి రోగితో తొందరపడకూడదు. మొదటి మూడు నెలలకు లక్ష్యం: ‘బీరువాలో నుంచి బల్ల మీదకు, ఒక మనిషి సాయంతో దిగును.’ తరువాతిది: ‘గుమస్తా బల్ల నుంచి సూపరింటెండెంటు బల్లకు, అంటే ఆరడుగులు, చెబితే నడుచును.’ సంవత్సరాంతానికి: ‘వచ్చిన ఉత్తరానికి స్వయంగా జవాబిచ్చును.’ కోర్టు దాకా వెళ్ళడం ఇప్పుడే రాయవద్దు, అది సాధ్యమైన లక్ష్యం కాదు. ఫైలు మనసు నొచ్చుకుంటుంది. అగ్గిపెట్టె విషయంలో మాత్రం వార్డు నియమమే పాటించాలి. ఫైళ్ళున్న చోట నిప్పు అంటే అందరికీ భయమే.

పరీక్ష పెట్టడానికి అనుభవం ఉన్న మనిషి కావాలి. ఫారంలో ఏ గడి ఎక్కడుందో కంఠతా వచ్చినవాడు, ఎన్నాళ్ళైనా కూర్చోగలవాడు కావాలి. పెద్దాయన ఒప్పుకున్నాడు. చేతుల జిగురు కడుక్కుని వస్తానన్నాడు.