జిల్లా దగ్గరైంది.. జడ్పీ ఏమైంది?

గిద్దలూరు నుంచి ఒంగోలు కలెక్టరేట్‌కు దాదాపు 150 కిలోమీటర్లు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టుకోవాలంటే తెల్లారకముందే బస్సెక్కాల్సి వచ్చేది. పొదిలి, చీమకుర్తి దాటి ఒంగోల్లో దిగి, క్యూలో నిలబడి రసీదు చేతికి తీసుకునేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. పశ్చిమ ప్రకాశం వాళ్లు మార్కాపురం జిల్లా కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కారంటే ఎక్కరా మరి! 2025 చివర్లో ఆ జిల్లా వచ్చింది. సంతోషమే. కానీ వచ్చింది కలెక్టరు, ఎస్పీ ఆఫీసులే. పెత్తనం మాత్రం అమరావతి దాటలేదు.

మనకు గీతలు మారడం కొత్త కాదు. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా ఇంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న చీరాల, అద్దంకి బాపట్లలో కలిశాయి. కందుకూరు నెల్లూరుకు వెళ్లింది.

ఆ 2022 విభజనలో ఒక తమాషా జరిగింది. జిల్లాలు 26 అయ్యాయి, జిల్లా పరిషత్తులు (జడ్పీలు) మాత్రం పాత 13గానే ఉండిపోయాయి. అప్పట్లో కందుకూరు మనిషికి కలెక్టరు నెల్లూరులో, జడ్పీ చైర్‌పర్సన్ ఒంగోల్లో ఉండేవారు. దీనిమీద పెద్ద గొడవేమీ జరగలేదు. జనానికి జడ్పీతో పని పడితే కదా గొడవ! రాజ్యాంగం 11వ షెడ్యూలులో 29 అంశాలు రాసి పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించమంది. ఏవి, ఎంత అప్పగించాలో తేల్చే పని మాత్రం రాష్ట్రాలకే వదిలింది. అక్కడే బండి ఆగింది.

ఏ ఊరి హైస్కూలు గేటు మీదైనా 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అనే ఉంటుంది. ఆ బడిలో లెక్కల మాస్టారు ఖాళీ అయితే భర్తీ చేసే అధికారం జడ్పీకి లేదు. నియామకం డీఎస్సీలో, బదిలీ విద్యాశాఖ కౌన్సెలింగ్‌లో. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌దీ దాదాపు ఇదే వరస. తవ్విన ఖనిజంపై ప్రభుత్వం వసూలు చేసే సీనరేజి రుసుములో స్థానిక సంస్థలకు వాటా ఉంది, నిజమే. అయితే క్వారీ ప్రాంతాల బాగు కోసమని 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి వేరే ట్రస్టు. దాని పద్దు జడ్పీ సర్వసభ్య సమావేశంలో తేలేది కాదు.

చిన్న జిల్లాలు దండగ అనడం నా ఉద్దేశం కాదు. దూరం తగ్గితే కూలి పోగొట్టుకుని అర్జీ మోసుకెళ్లే మనిషికి మేలే. అయితే వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు మార్కాపురం, కనిగిరి పొలాలకు ఎప్పుడొస్తాయో కొత్త కలెక్టరు చేతిలోనూ లేదు. ఆ పనికి నిధులిచ్చేది సచివాలయమే.

పార్టీలు జిల్లా ఇస్తామని హామీ ఇచ్చినంత తేలిగ్గా జిల్లాకు డబ్బు, ఉద్యోగులపై అజమాయిషీ ఇస్తామనవు. ఇస్తే ఎమ్మెల్యేకీ మంత్రికీ పోటీ తయారవుతుంది. 1987లో జడ్పీ అధ్యక్షులను జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఆ పని జడ్పీటీసీలకు, అంటే జడ్పీకి ఎన్నికైన సభ్యులకు, అప్పగించింది; క్యాంపు రాజకీయాలకు దారి అలాగే పడింది. మార్కాపురంలో కలెక్టరేట్ కోసం కూర్చున్న నిరాహార దీక్షల్లో సగం ఈ ప్రత్యక్ష ఎన్నిక కోసం కూర్చున్నా, ఏ పార్టీ అయినా జవాబు చెప్పాల్సి వచ్చేది.