కర్పూరం వాసన వస్తే పాతదేనా?

"ఇంట్లో పాత అకార్డియన్ ఉందా? ఐదు నిమిషాల్లో వయసు చెప్పేయవచ్చు" అంటూ, గాలితిత్తి సాగదీసి వాయించే ఆ వాద్యం గురించి ఒక సందేశం చెన్నైలోని తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులన్నీ తిరుగుతోంది. మా బావగారు పంపారు, టి.నగర్ మిత్రుడు పంపాడు, వద్దన్న తర్వాత మళ్లీ బావగారే పంపారు. ఇక ఊరుకోలేను.

ఎడమచేత్తో నొక్కే బేస్ (మంద్ర స్వరాల) బటన్లు 120 ఉంటే వాద్యానికి 120 ఏళ్లట. ఇవాళ దుకాణంలో కొత్తగా కొన్నదానికీ అన్నే ఉంటాయి. తర్వాతిది చూద్దాం.

రీడ్లు, అంటే గాలికి కంపించి స్వరం పలికే లోహపు నాలుకలు, తుప్పు పడితే యుద్ధానికి ముందుదట. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్లో తుప్పుకు అంత చరిత్ర అక్కర్లేదు.

"మేడ్ ఇన్ జర్మనీ" అని ఉంటే 1945కు ముందుదట. అకార్డియన్లు చేసే హోనర్ కంపెనీ ఊరు ట్రోసింగెన్. విభజన తర్వాత అది పశ్చిమ జర్మనీలోకి వచ్చింది, ఆ ముద్ర ఆ తర్వాతా కొనసాగింది. ముద్రే చూడాలనుకుంటే డి.ఆర్.జి.ఎం. అనే అక్షరాలు వెతకండి, అది వస్తువు నమూనాను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకున్న గుర్తు. ఆ రిజిస్ట్రేషన్ జర్మనీలో 1891లో మొదలైంది కనుక వాద్యం అంతకు ముందుది కాదని తేలుతుంది. సందేశంలో దాని ఊసే లేదు.

అసలు ఒళ్లు మండేది నాలుగో సలహాకు: "ఎర్రగా కాల్చిన సూదిని పైతొడుగుకు ఆనించండి. కర్పూరం వాసన వస్తే అసలైన పాతది." ఆ ముత్యపు మెరుపు తొడుగు సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేస్తారు కాబట్టి వాసన వస్తుంది, నిజమే. దానితోపాటు మంటా వస్తుంది. ఒకప్పటి సినిమా రీళ్లు గుప్పున అంటుకున్నదీ ఈ పదార్థం వల్లనే. తొడుగు కింద ఎండిన కొయ్య, పక్కన అట్టతో మడిచిన గాలితిత్తి, లోపల రీడ్లను పట్టి ఉంచే మైనం. చితి ఇంత పద్ధతిగా పేర్చి ఉండగా నిప్పు మాత్రం మనల్నే పెట్టమంటున్నారు! వయసు కనుక్కోమంటే దహన సంస్కారం చేయిస్తారా? పోనీ, కాలకుండా మిగిలిందే అనుకుందాం. తెలిసేదేమిటి? సెల్యులాయిడ్ 1930లలో వేశారు, 1960లలో వేశారు, ఇటలీలో కొందరు ఇప్పటికీ వేస్తున్నారు. వాసనే కావాలంటే బొటనవేలితో గట్టిగా రుద్దండి, చాలు.

చివరి సలహా మాత్రం, ఒప్పుకోక తప్పదు, బాగుంది: లోపల పెన్సిల్ రాత ఉందేమో చూడమన్నారు. రీడ్లు బిగించిన కొయ్య దిమ్మెల మీదో, తిత్తి చట్రం లోపలి వైపో తయారు చేసినవారు తేదీ వేసిన వాద్యాలు ఉన్నాయి. మరమ్మతు చేసినవారూ వేస్తారు కాబట్టి ఒకటికి మించి కనిపిస్తే అన్నిటికన్నా పాతది పట్టుకోండి. తిత్తి చుట్టూ ఉన్న మేకులు పీకేటప్పుడు ఏది ఏ రంధ్రానిదో వరసగా ఒక అట్టముక్కకు గుచ్చుకోండి. అన్నీ ఒకే మందం ఉండకపోవచ్చు, తారుమారైతే గాలి కారుతుంది.